కింది గీత, పై గీత: ఒంటికి పరిమితులు ఏర్పడ్డాక వ్యాయామ లక్ష్యాలు పెట్టుకునే విధానం

చీలమండ విరిగి ఆరు వారాలు సిమెంటు కట్టుతో మంచం మీద గడిపిన తరువాత, కట్టు విప్పిన నాలుగో వారంలోనే నేను ఒడిశాలోని బరంపురంలో మా వీధికి దగ్గరగా ఉన్న ఒక జిమ్ములో చేరాను. అక్కడి శిక్షకుడు ఒక కాగితం చేతికిచ్చి మూడు నెలల లక్ష్యం రాయమన్నాడు. పడిపోక ముందు వారానికి నాలుగు రోజులు ఐదేసి కిలోమీటర్లు పరుగెత్తే అలవాటు ఉన్నవాడిని కనుక, ఏమాత్రం ఆలోచించకుండా 'ఐదు కిలోమీటర్లు ఆగకుండా పరుగు' అని రాసిచ్చాను. మొదటి రెండు వారాలు హుషారుగానే గడిచాయి. మూడో వారంలో మడమ వెనుక వాచి, స్నానాల గది గడప దాటడం కూడా కష్టమై, మరో రెండు నెలలు ఇంట్లో కూర్చోవలసి వచ్చింది. ఆ కాగితం మీద నేను రాసింది పడిపోక ముందున్న మనిషి లక్ష్యం. దానిని మోయవలసి వచ్చింది పడిన తరువాతి కాలు.

మోకాళ్లు అరిగినవారు, నడుములో డిస్కు జారినవారు, గుండెకు స్టెంటు వేయించుకున్నవారు, ఏళ్ల తరబడి షుగరుతో ఉన్నవారు, శస్త్రచికిత్స అయి కోలుకుంటున్నవారు మళ్లీ వ్యాయామం మొదలుపెట్టేటప్పుడు లక్ష్యాన్ని ఎలా ఎంచుకోవాలో, ఎలా కొలవాలో, ఎప్పుడు మార్చుకోవాలో ఈ వ్యాసంలో వివరిస్తాను. ఏ జబ్బుకు ఏ వ్యాయామమన్నది ఇక్కడ చెప్పబోవడం లేదు. అది మిమ్మల్ని పరీక్షించిన వైద్యుడు, ఫిజియోథెరపిస్టు చెప్పవలసిన మాట.

రోజులో ఏ పని దగ్గర ఒళ్లు అడ్డం పడుతోంది?

రెండోసారి నేను వెళ్లిన ఫిజియోథెరపిస్టు కాగితమేమీ ఇవ్వలేదు. "మాస్టారూ, కిలోమీటర్ల సంగతి తరువాత చూద్దాం. రోజులో మీకు ఏ పని దగ్గర కాలు అడ్డం పడుతోందో ముందు చెప్పండి" అన్నారు. నాకు వెంటనే తట్టిన జవాబు రైలు దిగడం. బరంపురం హౌరా–చెన్నై ప్రధాన మార్గంలో ఉన్న ఊరు. మా తెలుగు కుటుంబాలలో చాలామందికి పెళ్లిళ్లకైనా, ఆస్పత్రికైనా, పిల్లలను చూడడానికైనా విశాఖపట్నం వెళ్లి రావడం మామూలే. పెట్టె మెట్టు మీద నుంచి ప్లాట్‌ఫారానికి దెబ్బ తగిలిన కాలు మీద భారం వేసి దిగలేక, ప్రతిసారీ ఎవరో ఒకరి భుజం పట్టుకునేవాడిని. ఆ ఒక్క పనిని ఆమె లక్ష్యంగా మార్చారు. ఇంటి ముందున్న పది సెంటీమీటర్ల అరుగు మీద నుంచి గోడ పట్టుకుని దిగడం, ఆ తరువాత పట్టుకోకుండా దిగడం, ఆపైన ఇరవై సెంటీమీటర్ల మెట్టు. పరుగు అనే మాట ఐదు నెలల దాకా మా మధ్య రాలేదు.

బరువు తగ్గాలి, ఫిట్‌గా ఉండాలి, మునుపటిలా అవ్వాలి అనే మాటలను లక్ష్యాలుగా రాసుకుంటే వాటిని కొలవడానికి వీలుండదు. కొలవలేనిది నెరవేరిందో లేదో తెలియదు. ఒక పనిని ఎంచుకుంటే ఆ పనికి ఏ కండరం బలం కావాలో, ఏ కీలు ఎంత వంగాలో, ఎంతసేపు ఊపిరి నిలవాలో లెక్క తేలుతుంది. ఉదాహరణకు కుర్చీలోంచి లేవడానికి మోకాలు సుమారు 90 డిగ్రీలు వంగితే చాలు. గొంతుక్కూర్చోవడానికి అంతకన్నా చాలా ఎక్కువ, 130 డిగ్రీలకు పైగా వంగాలి. కనుక 'కింద కూర్చుని లేవాలి' అనే లక్ష్యం 'కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవాలి' అనే లక్ష్యానికి తరువాతి మెట్టు మాత్రమే అని భావించకూడదు. కొన్ని మోకాళ్లకు రెండోది అందుతుంది, మొదటిది అందదు. మోకాలి చిప్ప మార్పిడి చేయించుకున్నవారిని సాధారణంగా నేల మీద గొంతుక్కూర్చోవద్దని చెబుతారు. వారు ఆ కోరికను పక్కన పెట్టి, ఎత్తు పీట మీద కూర్చుని వ్రతం చేసుకోవడాన్ని లక్ష్యంగా పెట్టుకోవడమే సరైనది.

మా పక్కింటి పిన్నిది దేవాంగుల కుటుంబం. పెళ్లయిన నాటి నుంచి గుంట మగ్గం దగ్గర కూర్చుని పట్టు నేతకు సాయపడిన మనిషి. ఇప్పుడామెకు అరవై రెండేళ్లు. రెండు మోకాళ్లు అరిగాయి, పన్నెండేళ్లుగా షుగరు ఉంది. ఆమె కోరిక ఒక్కటే. రెండేళ్లకోసారి జరిగే బుఢీ ఠాకురాణీ యాత్రలో రాత్రివేళ అమ్మవారి ఘటం వెంట పాత బరంపురం సందుల్లో అందరితో పాటు నడవాలని. నాకు ఇది చక్కటి లక్ష్యమనిపించింది. దానికి తేదీ ఉంది, దూరం ఉంది, జనంలో ఆగుతూ సాగుతూ నడవడమనే ప్రత్యేకమైన కష్టం ఉంది. అన్నిటికీ మించి అది ఆమె స్వయంగా కోరుకున్నది. ఇంట్లో వాళ్లు చెప్పారనో, డాక్టరు కోప్పడ్డారనో పెట్టుకున్న లక్ష్యాలు రెండో నెలలో నీరుగారిపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను.

మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసినవి

గుండెపోటు, పక్షవాతం, ఎముక విరగడం, పొట్ట లేదా ఛాతీ శస్త్రచికిత్స వంటివి జరిగినవారు వైద్యుని అనుమతి లేకుండా లక్ష్యం రాయడమే మొదలుపెట్టకూడదు. ఛాతీ ఎముకను కోసి చేసే బైపాస్ శస్త్రచికిత్స తరువాత ఆ ఎముక గట్టిపడడానికి సుమారు ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఆ లోపల బరువులెత్తడం, చేతులతో తోసుకుని లేవడం కుదరదు. కూర్చున్నప్పుడే బీపీ 180/110 దాటి ఉంటే ఆ రోజు వ్యాయామం వాయిదా వేసి, ముందు మందుల సంగతి చూసుకోవాలి. షుగరుకు ఇన్సులిన్ లేదా షుగరును బాగా తగ్గించే మాత్రలు వాడేవారికి వ్యాయామానికి ముందు 100 కన్నా తక్కువ చూపిస్తే కొంత పిండిపదార్థం తిని మొదలుపెట్టాలి. అరికాలి స్పర్శ తగ్గినవారు రోజూ పాదాలు చూసుకోవాలి. బొబ్బ లేచిన సంగతి కాలు చెప్పదు, కళ్లే చెప్పాలి. మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి మాత్రలు వేసుకునేవారికి ఎంత శ్రమపడినా గుండె వేగం పెద్దగా పెరగదు కనుక, చేతి గడియారం చూపించే అంకెను లక్ష్యంగా పెట్టుకోవడం వారికి పనికిరాదు.

సరిహద్దు జిల్లాలలో ఉన్న మనకు మరో చిన్న ఇబ్బంది కూడా ఉంది. గంజాం, గజపతి, రాయగడ నుంచి ఎక్కువమంది చేరేది బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల ఆస్పత్రికే. అక్కడ మాట ఒడియాలో సాగుతుంది. ఒడియాలో 'అంటా' అంటే నడుము, 'ఆంఠు' అంటే మోకాలు. పర్లాకిమిడి, గుణుపురం పల్లెల నుంచి వచ్చిన పెద్దవాళ్ల నోట ఈ రెండు మాటలూ ఒకటిలాగే వినిపిస్తాయి. మోకాలి నొప్పితో వెళ్లి నడుము వ్యాయామాల కాగితం పట్టుకుని రాకుండా ఉండాలంటే, నొప్పి ఉన్న చోటును వేలితో చూపించడం, ఏ పని చేసేటప్పుడు వస్తుందో ఆ పనిని చేసి చూపించడం మంచిది. అక్కడ అడగవలసిన ప్రశ్నలు మూడు. నేను చేయకూడని కదలిక ఏది? ఎంత బరువు దాటకూడదు? ఏ లక్షణం కనిపిస్తే వెంటనే ఆపాలి? 'జాగ్రత్తగా నడవండి' అన్న జవాబుతో లేచి రావద్దు. అందులో కొలత లేదు.

ఈ రోజు ఒంటి కొలత

లక్ష్యం పెట్టుకోవడానికి ముందు ఉన్న స్థితి తెలియాలి. దానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తున్న, చేతులు లేని కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద మడిచి ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టాలి. అరవై నుంచి అరవై నాలుగేళ్ల మధ్య ఉన్న మగవారికి 14 కన్నా, ఆడవారికి 12 కన్నా తక్కువ వస్తే కాళ్ల బలం ఆ వయసుకు తక్కువగా ఉందని భావిస్తారు. మా పిన్నికి మొదటిసారి ఏడు వచ్చింది, అదీ రెండుసార్లు చేతులు ఆనించి. రెండో కొలతకు కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి పట్టే సమయం చూడాలి. పెద్దవాళ్లలో అది 12 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువైతే పడిపోయే ప్రమాదం ఉందని లెక్క. అలాంటివారు నడక దూరం పెంచడానికి ముందు నిలకడను లక్ష్యంగా పెట్టుకోవాలి. మూడోది, చదునైన దారిలో మామూలు వేగంతో నొప్పి గానీ ఆయాసం గానీ ఆపేదాకా ఎన్ని నిమిషాలు నడవగలరన్నది. కొలిచేటప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. బాగా నిద్రపట్టి, నొప్పి తగ్గి, ఒళ్లు తేలిగ్గా ఉన్న రోజు కొలత తీసుకుని దాని మీద కార్యక్రమమంతా నిర్మిస్తారు. మూడు వేర్వేరు రోజుల్లో, వీలైతే అందులో ఒకటి ఒళ్లు బాగాలేని రోజు అయ్యేలా కొలిచి, మూడింటిలో తక్కువ వచ్చిన అంకెను మొదటి మెట్టుగా తీసుకోవాలి. పిన్ని నడక మూడు రోజుల్లో పద్నాలుగు, పదకొండు, ఆరు నిమిషాలు వచ్చింది. మేము రాసుకున్నది ఆరు. "ఆరు నిమిషాలా? మా మనవరాలు నవ్వుతుంది" అన్నారావిడ. నవ్వనిచ్చాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమను, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామాలను సూచించాయి. అరవై అయిదేళ్లు దాటినవారు వారానికి మూడు రోజులు నిలకడ వ్యాయామాలు కూడా చేయాలన్నాయి. శారీరక వైకల్యం, దీర్ఘకాలిక జబ్బులు ఉన్నవారి గురించి కూడా అవి విడిగా చెబుతున్నాయి. అయితే 150 అనే అంకెను చూసి ఆరు నిమిషాల దగ్గర ఉన్నవారు బెదరనవసరం లేదు. ఒకప్పుడు పది నిమిషాలకు తక్కువైన నడక లెక్కలోకి రాదనే నియమం ఉండేది. 2020 మార్గదర్శకాలు దానిని తొలగించి, ఎంత కొద్దిపాటి శ్రమైనా ఏమీ చేయకపోవడం కన్నా మేలేనని చెప్పాయి. ఉదయం ఆరు నిమిషాలు, సాయంత్రం ఆరు నిమిషాలు నడిస్తే పన్నెండు నిమిషాలుగానే లెక్క.

రెండు గీతలు

ఇప్పుడు లక్ష్యాన్ని రాసే పద్ధతి. ఒకే అంకె రాయకుండా రెండు రాయాలి. మొదటిది కింది గీత: ఎంత నలతగా ఉన్నా, జ్వరం వంటివి లేకపోతే, తప్పక చేయవలసినది. రెండోది పై గీత: ఎంత హుషారుగా ఉన్నా దాటకూడనిది. పిన్నికి మొదటి రెండు వారాల కింది గీత నాలుగు నిమిషాల నడక, ఐదుసార్లు కుర్చీలోంచి లేవడం. పై గీత ఎనిమిది నిమిషాలు, పదిసార్లు లేవడం. నలతగా ఉన్న రోజున నాలుగు నిమిషాలు నడిచి ఇంటికి వచ్చినా ఆ రోజు లక్ష్యం నెరవేరినట్టే, ఇంట్లో ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు.

కింది గీత ఎందుకో ఎవరికైనా సులభంగానే అర్థమవుతుంది. పై గీత దగ్గరే గొడవ. ముఖ్యంగా వయసులో కండలు పెంచినవారికి, ఆటలు ఆడినవారికి అది అవమానంగా తోస్తుంది. బరంపురం గాలిలోనే బరువులెత్తే ఉత్సాహం ఉంది. ఇక్కడి అఖాడాల, అంటే కసరత్తు శాలల, పేరు పాతది. 2010 ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం, 2014 గ్లాస్గోలో 77 కిలోల విభాగంలో రజతం గెలిచిన కటులు రవికుమార్ ఈ ఊరివారే. చిన్నప్పుడు అఖాడాలో బస్కీలు, దండీలు తీసినవారికి యాభై దాటాక కూడా ఆ లెక్కలు చేతివేళ్ల మీద ఉంటాయి. ఇరవై ఏళ్ల క్రితం ఎత్తిన బరువు గుర్తుండడంలో తప్పేమీ లేదు గానీ, ఆ బరువు ఇవాళ్టి పై గీతను నిర్ణయించకూడదు.

ఎందుకంటే శరీరంలో అన్ని భాగాలూ ఒకే వేగంతో కోలుకోవు. వ్యాయామం మొదలుపెట్టిన తొలి వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం కండరం పెరగడం వల్ల వచ్చేది కాదు. మెదడు, నరాలు ఆ కండరాన్ని మునుపటి కన్నా బాగా పనిలోకి దింపడం వల్ల వస్తుంది. ఆయాసం కూడా రెండు మూడు వారాల్లో కొంత తగ్గుతుంది. ఈలోగా కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులు, ఎముకను ఎముకకు కట్టి ఉంచే లిగమెంట్లు నిదానంగా, నెలల తరబడి గట్టిపడతాయి. వాటికి రక్తప్రసరణ తక్కువ. అంటే మూడో వారానికి ఊపిరి నిలుస్తుంది, కండరం లేస్తుంది, మనసు ముందుకు తోస్తుంది, స్నాయువు మాత్రం ఇంకా మొదటి వారంలోనే ఉంటుంది. నా మడమ వెనుక వాచింది సరిగ్గా అందుకే. తిరిగి మొదలుపెట్టినవారిలో ఎక్కువమంది మొదటి వారంలో దెబ్బతినరు. బాగున్నామనిపించిన తరువాతే దెబ్బతింటారు. పై గీత ఆ మూడో వారం కోసం గీసినది. అది హుషారును నమ్మదు.

పెంచడం ఎలాగన్నదానికి వారానికి పదో వంతు అనే సూత్రం ప్రచారంలో ఉంది. ఆరు నిమిషాలకు పదో వంతంటే ముప్పై ఆరు సెకన్లు. ఆ లెక్క పెట్టుకుంటూ ఎవరూ నడవరు. నా సలహా ఏమిటంటే, రెండు వారాల పాటు గీతలను కదపకుండా ఉంచి, ఆ పద్నాలుగు రోజుల్లో కనీసం పది రోజులు కింది గీత దాటి, ఒక్క రోజు కూడా నొప్పి మర్నాటికి మిగలకుండా ఉంటే రెండు గీతలనూ రెండేసి నిమిషాలు పైకి జరపాలి. ఒకసారి ఒకదాన్నే పెంచాలి: ముందు రోజుల సంఖ్య, తరువాత నిమిషాలు, ఆ తరువాత వేగం, ఎత్తు. వేగాన్ని, దూరాన్ని ఒకే వారంలో పెంచి మోకాలు వాస్తే దేనివల్ల వాచిందో తెలియదు.

శ్రమ ఎంత ఉండాలో తెలుసుకోవడానికి మాట పరీక్ష చాలు. నడుస్తూ పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే అది ఓ మోస్తరు శ్రమ. రెండు మూడు మాటలకే ఊపిరి అందకపోతే వేగం తగ్గించాలి. బరువులెత్తేటప్పుడు, గోడకు చేతులానించి తోసేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. బిగబడితే బీపీ ఒక్కసారిగా పైకి లేస్తుంది. అంకెలు పైకి లెక్కపెడుతూ చేస్తే ఊపిరి దానంతట అదే వదులుతుంది, లెక్కా తప్పదు.

నొప్పిని చదవడం

నొప్పి లేకుండా తిరిగి మొదలుపెట్టడం చాలామందికి సాధ్యం కాదు. అలాగని నొప్పినల్లా ఓర్చుకోవడమూ సరికాదు. సున్నా నుంచి పది దాకా కొలమానం పెట్టుకుని, చేసేటప్పుడు మూడు దాటకుండా, మర్నాడు లేచేసరికి పాత స్థితికి వచ్చేలా ఉంటే కొనసాగించవచ్చు. మర్నాడు కూడా మిగిలితే తరువాతిసారి కింది గీత దగ్గరే ఆగాలి. కొత్త వ్యాయామం చేసిన ఒకటి రెండు రోజులకు రెండు తొడల్లోనూ, రెండు పిక్కల్లోనూ సమానంగా, నొక్కితే తెలిసే సలుపు వస్తే అది కండరాలది. మూడు రోజుల్లో పోతుంది. కీలు లోపల ఒకేచోట పొడిచినట్టుండడం, కీలు వాచి వేడెక్కడం, మోకాలు మధ్యలో పట్టేసి కదలకపోవడం, నడుము నుంచి కాలి వేళ్ల దాకా తిమ్మిరి పాకడం వేరు సంగతి; వాటికి వైద్యుడు కావాలి.

కొన్నిటికి గీతలతో పని లేదు. ఛాతీలో బిగపట్టినట్టుండి దవడకో, భుజానికో, చేతికో నొప్పి పాకడం, కళ్లు తిరిగి పడిపోవడం, ముఖంలోనో ఒక పక్క చేయీ కాలులోనో బలం తగ్గడం, మాట తడబడడం కనిపిస్తే వెంటనే ఆపి 108కి ఫోను చేయాలి. చాలాకాలం మంచాన ఉన్నవారికి ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పిగా, వేడిగా ఉంటే అది కండరం పట్టేసిందని నూనె రాసి మర్దన చేయకూడదు. సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. నడుము నొప్పితో పాటు మూత్రం మీద అదుపు తప్పినా, కూర్చునే చోట స్పర్శ పోయినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

ఎక్కడ, ఎప్పుడు

ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఈ తీరంలో ఎండ కన్నా ఉక్క ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, అదే నడకకు గుండె ఎక్కువ వేగంగా కొట్టుకోవలసి వస్తుంది. ఆ నెలల్లో పై గీతను మూడో వంతు తగ్గించి, తెల్లవారుజామున నడవడం మేలు. గుండె బలహీనమై, లేదా మూత్రపిండాలకు జబ్బు ఉండి నీటికి కొలత పెట్టించుకున్నవారు వేసవిలో ఎంత తాగాలో వైద్యునే అడగాలి. కొరాపుట్, రాయగడ కొండప్రాంతాల వారికి ఉక్క బెడద తక్కువ గానీ, చదునైన దారి దొరకదు; ఎగుడుదిగుడు దారిలో పది నిమిషాలను చదును దారిలో పదిహేనుగా లెక్కవేసుకోవచ్చు.

ఆదివారాలు గోపాలపూర్ వెళ్లి ఇసుకలో నడవడం బరంపురం వారికి సరదా. పొడి ఇసుకలో మడమ కిందికి దిగుతుంది కనుక పిక్క మీద, మడమ వెనుక స్నాయువు మీద లాగుడు పెరుగుతుంది. తడి ఇసుక గట్టిగా ఉన్నా అలల వైపు వాలి ఉండడం వల్ల ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. చీలమండ, మోకాలు, తుంటి దెబ్బతిన్నవారు మొదటి మూడు నెలలు దానికి దూరంగా ఉండి, ఆ తరువాత వెళ్లినా అటు ఎంత నడిచారో ఇటు కూడా అంతే నడవాలి.

మెట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మా వైపు కోలుకున్నవారు సాధారణంగా పెట్టుకునే మొక్కు ఋషికుల్య ఒడ్డున కుమారి కొండ మీది తారాతారిణి అమ్మవారి మెట్లు ఎక్కడం. అవి 999. మొక్కు మంచిదే, లక్ష్యంగానూ బాగుంటుంది, కానీ చాలామంది ఎక్కడాన్నే లెక్కవేసి దిగడాన్ని మరిచిపోతారు. మెట్లు ఎక్కేటప్పుడు గుండె, ఊపిరితిత్తులు కష్టపడతాయి. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బరువును ఆపాలి, మోకాలి చిప్ప వెనుక ఒత్తిడి పెరుగుతుంది. రెండు రోజుల పాటు మూలిగేలా చేసేది ఆ దిగడమే. కొండకు రోప్‌వే ఉంది. మొదటిసారి మెట్ల మీద ఎక్కి రోప్‌వేలో దిగడం తెలివైన పని. సాధన చేసేటప్పుడు ఇంటి మెట్ల మీద ఒక వారంలో ఎన్ని ఎక్కుతున్నారో, ఎన్ని దిగుతున్నారో విడివిడిగా రాసుకోవాలి.

మధ్యలో ఆగిపోతే

ఆగిపోవడం ఖాయం, కనుక దానిని ముందే లెక్కలో వేసుకోవాలి. 2013లో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న. 2018లో గజపతి జిల్లాను అతలాకుతలం చేసిన తిత్లీ వచ్చింది అక్టోబరు 11న. దసరా చుట్టాలు, వానలు, తుపాను హెచ్చరికలు అన్నీ ఆ నెలలోనే కాబట్టి మేము అక్టోబరుకు లక్ష్యాలేమీ పెంచం. ఆ నెలకు గదిలో చేసుకోగలిగినవి విడిగా రాసి ఉంచుకుంటాం: కుర్చీలోంచి లేవడం, గోడకు చేతులానించి తోయడం, గుమ్మం పట్టుకుని మడమలు లేపడం, గోడ పక్కన ఒంటికాలి మీద పది సెకన్లు నిలవడం.

వారం రోజుల్లోపు ఆగితే వెనకటి మెట్టు నుంచి, రెండు మూడు వారాలు ఆగితే సగం నుంచి, నెల దాటితే మళ్లీ మూడు రోజుల కొలత నుంచి మొదలుపెట్టాలన్నది నేను పాటించే నియమం. ఊపిరి నిలకడ రెండు మూడు వారాల్లోనే జారడం మొదలవుతుంది కనుక ఇది మరీ పిరికి లెక్కేమీ కాదు. పోయిన రోజులను కలిపి ఒక్కరోజులో తీర్చాలనుకోవడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. అది బాకీ కాదు.

లెక్క రాయడానికి యాప్‌లు ఉన్నాయి, వాడగలిగినవారు వాడుకోవచ్చు. మా పిన్ని గోడకు వేలాడే తెలుగు పంచాంగం క్యాలెండరులోనే రాస్తారు. కింది గీత దాటితే ఒక చుక్క, పై గీత దాకా వెళ్తే రెండు చుక్కలు, నొప్పి మర్నాటికి మిగిలితే చుక్క చుట్టూ సున్నా. నెలాఖరున సున్నాలు ఏ తిథికి, ఏ పండగ పనికి ఎదురుగా పడ్డాయో చూస్తే చాలు, దేనివల్ల మోకాలు వాచిందో తెలుస్తుంది. ఒక నెలలో ఆమె సున్నాలన్నీ శుక్రవారాల పక్కనే కనిపించాయి. గురువారం సాయంత్రాలు మార్గశిర గురువారపు లక్ష్మీపూజకు ఇల్లు కడిగి, బియ్యపు పిండితో ముగ్గులు పెట్టడానికి గంటసేపు వంగి కూర్చోవడమే కారణం. ఆ నాలుగు వారాలూ గురువారం నడకను కింది గీతకు తగ్గించి, ముగ్గు పనిలో సగం మనవరాలికి అప్పగించారు.

ఆరు వారాలకోసారి కుర్చీ కొలత, మూడు మీటర్ల కొలత మళ్లీ తీసుకుని, అసలు లక్ష్యం ఇంకా అదేనా, మార్చాలా అని చూసుకోవాలి. అంకె రెండుసార్లు వరుసగా కదలకపోతే బలం వ్యాయామాలు సరిపోవడం లేదనో, నిద్ర, మందులు, భోజనంలో పప్పు, గుడ్డు, చేప వంటివి తగ్గాయనో అర్థం. ఫిజియోథెరపిస్టుకు ఆ క్యాలెండరు చూపిస్తే వారికి దారి దొరుకుతుంది. నా విషయంలో రైలు మెట్టు నాలుగున్నర నెలలకు లొంగింది. పరుగు ఇప్పుడు రెండు నిమిషాల పరుగు, మూడు నిమిషాల నడకగా ఆరు విడతలు. ఐదు కిలోమీటర్లు ఆగకుండా అన్న పాత కాగితం ఇంకా తీయలేదు. పిన్నికి కుర్చీ కొలత ఏడు నుంచి పదికి వచ్చింది, నడక పందొమ్మిది నిమిషాలకు వచ్చింది. యాత్రలో ఘటం వెంట పూర్తి పరిక్రమ ఆమె వల్ల కాదని ఇద్దరికీ తెలిసిపోయింది. అందుకని లక్ష్యాన్ని మార్చి రాసుకున్నారు: అమ్మవారు తమ వీధి మొదట్లోకి రాగానే కలిసి, వీధి చివరి దాకా వెంట నడిచి, అక్కడ మేనకోడలి అరుగు మీద కూర్చోవడం. కొలిచి చూశాం, ఆగుతూ నడిస్తే పదిహేడు నిమిషాలు పడుతుంది.